మావయ్య యెజ్డి: షెడ్డు డైరీ

నవంబరు 9

మావయ్య ఊరు కాశీనగర్ నుంచి బండి మా ఊరు పర్లాకిమిడి చేరింది. ట్రాలీ ఆటోలో గోనెసంచులు పరిచి, ఒరగకుండా నాలుగు వైపులా తాళ్లు లాగి కట్టి తెచ్చాం. రెండు చక్రాలూ బిగుసుకుపోయాయి. నలుగురం ఎత్తుకొని మా కొట్టు వెనక రేకుల షెడ్డులో దింపాం.

1976లో మా మావయ్య కొన్న యెజ్డి 250 ఇది. మైసూరులో ఐడియల్ జావా వారి ఫ్యాక్టరీలో తయారైంది. మొదట చెకోస్లొవేకియా జావా నమూనాలో, ఆ పేరుతోనే చేసేవారు. 1973 నుంచి యెజ్డి అని పేరు పెట్టుకున్నారు. సిలిండరు ఒకటే, సైలెన్సర్లు మాత్రం రెండు. గేరు లివరు, కిక్ లివరు రెండూ ఒకటే. గేరు లివరును లోపలికి నొక్కి, వెనక్కి తిప్పి పైకి లేపితే అదే కిక్ అవుతుంది. చిన్నప్పుడు మావయ్య కాలి మడమతో దాన్ని ఒక్క ఊపులో తిప్పి, కిక్ కొట్టి, మళ్లీ ముందుకు తోసేస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి చూసేవాణ్ని.

మావయ్యది బట్టల వ్యాపారం. చీరలు, పంచెలు, తువ్వాళ్లు మూట కట్టి గుమ్మా, శెరంగో సంతలకు తీసుకువెళ్లేవాడు. అప్పట్లో నౌపడా నుంచి గుణుపురం దాకా చిన్న రైలు ఉండేది. రెండడుగుల ఆరంగుళాల పట్టాల మీద 2004 దాకా నడిచింది. ఆ రైలు వంశధార లోయ వెంట పోయేదే తప్ప కొండ ఎక్కేది కాదు. కొండ మీది సవర ఊళ్లకు బట్ట చేరాలంటే తలకెత్తుకోవాలి, లేదా ఇదిగో ఈ బండి. అందుకే వెనక సీటు తీసేసి ఇనుప కడ్డీలతో పెద్ద క్యారియర్ వెల్డింగ్ చేయించాడు. ఇప్పుడు ఆయనకు 78 ఏళ్లు. మోకాళ్లు సహకరించక బండి దిగి పదహారేళ్లయింది. ఈ దీపావళికి వెళ్లినప్పుడు, "పాకలో తుప్పు పడుతోందిరా, నువ్వు తీసుకుపో" అన్నాడు. అమ్మకానికి పెట్టాలన్న మాట ఆయన నోట రాలేదు, నా మనసులోకీ రాలేదు.

తాళం చెవి ప్రత్యేకంగా ఇచ్చాడు. యెజ్డి తాళం చెవి అంటే హెడ్‌లైట్ మీది స్విచ్చిలో దించే మేకు లాంటిది. దాని తల ఎప్పుడో ఊడిపోతే, మా ఊరి కొమ్ము పనివారి చేత గేదె కొమ్ముతో చేప ఆకారంలో పిడి చేయించుకున్నాడు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకు పేరున్న ఊరు. ఆ చేప పొలుసులు అరిగి నున్నగా మెరుస్తున్నాయి.

నవంబరు 17

కిక్ అంగుళం కూడా కదలలేదు. బలం ఉపయోగించకూడదని నిశ్చయించుకుని, వారం కిందటే ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో డీజిలు, ఇంజిన్ ఆయిలు కలిపి పోసి ఉంచాను. ఈ మధ్యలో చక్రాల డ్రమ్ములు విప్పి, అతుక్కుపోయిన బ్రేకు షూలు వదిలించాను. ఈ రోజు మూడో గేరులో వేసి వెనక చక్రాన్ని రెండు చేతులతో ముందుకూ వెనక్కీ ఊపాను. ఇరవై నిమిషాల తర్వాత ఎక్కడో లోపల "టక్" అంది. చక్రం అరచేయి వెడల్పు తిరిగింది. ఇంకో పావుగంటకు పిస్టన్ పైకీ కిందికీ ఆడింది. ఆ టక్ వినగానే మావయ్యకు ఫోను చేశాను.

నవంబరు 23

ఇంజిన్ విప్పాం. నాకు తోడుగా మార్కెట్ దగ్గరి మిస్త్రీ గారు వచ్చారు. ఒడియా ఆయన. నలభై ఏళ్ల కిందట రాజదూత్‌లు, యెజ్డిలు బాగుచేసిన చేయి. నాతో తెలుగు, స్పానర్లతో ఒడియా మాట్లాడతారు.

రెండు స్ట్రోకుల ఇంజిన్ విప్పడంలో ఉన్న సుఖం ఏమిటంటే దాచుకునేది ఏమీ లేదు. వాల్వులు లేవు, వాటిని నడిపే చైన్లు లేవు. హెడ్ తీసి, సిలిండరు పైకి లాగితే పిస్టన్ చేతికి వస్తుంది. పిస్టన్ మొహం మీద పేరుకుపోయిన కార్బన్‌ను గీకితే అంకె కనిపించింది: 65.50. అసలు సైజు 65 మిల్లీమీటర్లు. అంటే ఒకటి రెండు సార్లు బోరు చేయించిన (అరిగిన సిలిండరును లోపల తరిగి వెడల్పు చేయించిన) ఇంజిన్. పిస్టన్‌కు సైలెన్సర్ల వైపు నిలువు గీతలు ఉన్నాయి. వేడికి పిస్టన్ ఒకసారి సిలిండరును పట్టేసిందని గుర్తు. ఫోనులో అడిగితే మావయ్యకు ఆ రోజు కూడా గుర్తుంది. గుమ్మా ఘాటీలో ఎండాకాలం, క్యారియర్ మీద రెండు మూటలు, ట్యాంకులో ఆయిలు తక్కువ కలిపిన పెట్రోలు. చెట్టు కింద గంటసేపు కూర్చుని, ఇంజిన్ చల్లారాక మళ్లీ బయలుదేరాడట. ఆ గంట ఇన్నేళ్లుగా ఈ పిస్టన్ మీద గీతలుగా ఉండిపోయింది. పిస్టన్‌ను కడిగి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను.

సైలెన్సర్ల లోపలి గొట్టాలు కార్బన్‌తో మూసుకుపోయాయి. కాస్టిక్ సోడా నీళ్లలో ఒక రాత్రి నానబెట్టాం. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు లేకుండా ఈ పని చేయకూడదు. సిలిండరు గోడలో గాలి, పొగ వెళ్లే దారుల్లోని కార్బన్‌ను వెదురు పుల్లతో గీకాను, ఇనుము తగిలితే గీతలు పడతాయని.

పిస్టన్‌ను క్రాంక్‌కు, అంటే ఇంజిన్ అడుగున తిరిగే ఇరుసుకు, కలిపే కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని పైకీ కిందికీ లాగితే ఆట తెలుస్తోంది. పక్కకు కొంచెం ఆడవచ్చు, నిలువునా ఆడకూడదు. కొత్త రాడ్డు వేయాల్సిందే.

డిసెంబరు 7

క్రాంక్, సిలిండరు తీసుకుని బరంపురం వెళ్లాను. అక్కడ ఒక పాత లేత్ షెడ్డులో క్రాంక్‌ను ప్రెస్సు మీద విడదీసి, కొత్త రాడ్డు, పిన్ను, బేరింగు ఎక్కించి, రెండు కేంద్రాల మధ్య తిప్పుతూ డయల్ పెట్టి సరిచేశారు. రాగి సుత్తితో ఒక దెబ్బ వేయడం, ముల్లు చూడడం, మళ్లీ దెబ్బ వేయడం. రెండు గంటలు కదలకుండా చూశాను. సిలిండరును 65.75 పిస్టన్‌కు సరిపడేలా బోరు చేశారు.

మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడినా ఈ బండికి పిస్టన్, రింగులు, ప్యాకింగులు, ఆయిల్ సీళ్లు ఇంకా దొరుకుతున్నాయంటే కారణం ఈ బండ్లను వదలని మనుషులే. జులైలో రెండో ఆదివారం జావా దినం పేరుతో దేశమంతా ఊరూరా ఈ బండ్లు రోడ్డెక్కుతాయి. అంతమంది నడుపుతున్నారు కాబట్టే ఎవరో ఒకరు ఆ సామాన్లు చేస్తూనే ఉన్నారు.

డిసెంబరు 14

ట్యాంకు రోజు. లోపల టార్చి వేస్తే అంతా ఎర్రగా ఉంది. మహేంద్రతనయ ఒడ్డు నుంచి తెచ్చిన సన్న గులకరాళ్లు రెండు గుప్పిళ్లు, లీటరు డీజిలు పోసి మూత బిగించి, మా అబ్బాయీ నేనూ వంతులవారీగా ఊపాం. మొదటిసారి వంచితే ఇటుక పొడి కలిపిన నీళ్లలా వచ్చింది. ఐదోసారికి తేటపడింది. ఒక్క రాయి కూడా లోపల మిగలకుండా లెక్కపెట్టి తీశాం. డీజిలు జిడ్డు పోయేలా సబ్బునీళ్లతో కడిగి, మూడు రోజులు వెనిగర్ నింపి ఉంచి, వంటసోడా నీళ్లతో పులుపు విరిచి, వెంటనే ఆరబెట్టి, ఆయిలు కలిపిన పెట్రోలు తిప్పి వంచేశాను. ఆ ఆయిలు పొర లేకపోతే తడి ఇనుముకు ఒక్క పూటలో తుప్పు లేస్తుంది.

ఈ కష్టమంతా ఇప్పటి పెట్రోలు వల్ల మరీ అవసరమైంది. బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. మా కొండల కింద వానాకాలం నెలల తరబడి ముసురు. నిలవ ఉన్న ట్యాంకులో నీరు అడుగుకు చేరి తుప్పు పుట్టిస్తుంది, పాత రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడతాయి. పైపులు, వాషర్లు అన్నీ కొత్తవి వేశాను. నడపని రోజుల్లో కార్బ్యురేటర్ ఖాళీ చేసి పెట్టాలని షెడ్డు తలుపు మీద రాసుకున్నాను.

డిసెంబరు 21

ఈ వారం ఒక్క నట్టు కూడా తిప్పలేదు. రంగు గురించి ఆలోచించాను.

బరంపురంలో పాత బండ్లు అద్దంలా చేసే మిత్రుడు ఒకరు ఫొటోలు చూసి పద్ధతి చెప్పాడు. క్యారియర్ కోసేయాలి, వెల్డింగ్ మచ్చలు నూరేయాలి, ట్యాంకుకు పాత రంగంతా లేపి ఫ్యాక్టరీ మెరూన్ కొట్టించాలి, చేతితో బంగారు గీతలు గీయించాలి, క్రోమ్ పోయిన చోటల్లా మళ్లీ వేయించాలి. ఆయన చేసిన బండ్లు చూశాను. అవి నిజంగా అందమైనవే. ఆ పనిలో గౌరవం ఉంది, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున బండి ఎలా ఉందో ఇప్పటి పిల్లలకు చూపిస్తుంది.

కానీ మా బండిని పక్కన కూర్చుని పట్టి పట్టి చూశాను. ట్యాంకు రెండు వైపులా మోకాళ్లు ఆనే చోట రంగు అరిగి, కింది పూత కనిపిస్తోంది. ఎడమ వైపు అరుగుదల కుడి వైపు కన్నా నాలుగు వేళ్లు కిందికి ఉంది. ఎందుకో మొదట తోచలేదు. తర్వాత సీటు మీద కూర్చుని చూస్తే తెలిసింది. మావయ్య ఎడమ కాలు చిన్నప్పుడు విరిగి కొద్దిగా పొట్టిది. ఆ తేడా ఈ రేకు మీద అచ్చు దిగి ఉంది. క్యారియర్ కడ్డీల మీద తాడు ఒరిసిన చోట్ల ఇనుము వెండిలా తేలింది, నాలుగు మూలలా నాలుగు గాడులు. మూట ఎంత వెడల్పు ఉండేదో వాటి మధ్య దూరం కొలిస్తే చెప్పవచ్చు. కొలిచాను కూడా. ముప్పై ఒక్క అంగుళం.

ఒక కొత్త రంగు డబ్బా వీటన్నిటినీ కప్పేస్తుంది. 1976 మోడలు యెజ్డి వెతికితే ఇంకొకటి దొరుకుతుంది. ఈ మోకాలి మచ్చ దొరకదు. పాత బండి మీద మనకుండే మోజును చాలామంది పాత రోజుల మీది బెంగ అంటారు. నాకు పాత రోజులు తిరిగి రావాలని లేదు. ఆ రోజుల్లో సంతకు పోయిన మనిషి వానకు తడిసి, జ్వరంతో తిరిగి వచ్చేవాడు, అత్తయ్య దీపం పెట్టుకుని అర్ధరాత్రి దాకా వీధిలో కూర్చునేది. నేను కోరుకుంటున్నది ఆ మనిషి చేసిన పని తుడిచిపెట్టుకుపోకుండా ఉండడం. బండి నడవాలి, దాని ఒంటి మీద ఆయన ఉండాలి.

కనుక నిర్ణయం ఇది. ఇంజిన్, బ్రేకులు, స్పోక్‌లు, టైర్లు, కేబుళ్లు, వైరింగ్: ప్రాణానికి సంబంధించినవన్నీ కొత్తవి. ట్యాంకు, మడ్‌గార్డులు, క్యారియర్: కడిగి, పల్చగా మైనం రుద్ది వదిలేయడం. రేకు తినేస్తున్న తుప్పును మాత్రం ఆపాలి. మిత్రుడికి చెప్పాను. కాసేపు ఆగి, "అయితే మైనం మంచిది వాడండి" అని ఏది కొనాలో చెప్పాడు.

జనవరి 4

ఇంజిన్ బిగించాం. రింగుల కొనలు పిస్టన్ మీది చిన్న పిన్నుల దగ్గర సరిగా కూర్చున్నాయో లేదో మూడుసార్లు చూసుకున్నాను. అక్కడ తప్పితే రింగు సిలిండరు దారిలో చిక్కి విరుగుతుంది. క్రాంక్‌కు రెండు వైపులా ఆయిల్ సీళ్లు, అంటే ఆయిలూ గాలీ జారకుండా ఇరుసును చుట్టి పట్టే రబ్బరు వలయాలు, కొత్తవి. ఎడమ వైపు సీలు మిస్త్రీ గారు కూర్చోబెట్టారు, కుడి వైపు డైనమో పక్కది నేను.

కరెంటు 6 వోల్టులు. కొత్త బ్యాటరీ, కొత్త కండెన్సర్, ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే పాయింట్ల మధ్య 0.4 మిల్లీమీటర్ల ఖాళీ. నాది కరెంటు సామాన్ల కొట్టే కనుక వైరింగ్ అంతా నా చేత్తోనే, పాత రంగుల వరసలోనే వేశాను.

జనవరి 11

లీటరుకు 50 మిల్లీలీటర్ల ఆయిలు కలిపాను. మామూలుగా 40 చాలు. పిస్టన్ కొత్తది కనుక మొదట్లో కాస్త ఎక్కువ. పెట్రోలు తిప్పి, కార్బ్యురేటర్ మీది బొడిపె నొక్కి తడి కనిపించాక, చేప పిడి తాళం చెవిని స్విచ్చిలో దించాను. ఎర్ర దీపం వెలిగింది. మడమతో లివరు తిప్పాను. ఆరో కిక్‌కు ఒక దగ్గు. తొమ్మిదో కిక్‌కు అందుకుంది.

షెడ్డు నిండా నీలి పొగ. ఆ వాసనకు పక్కింటి పెద్దాయన గోడ మీదుగా తొంగి చూసి, "యెజ్డి కదూ!" అన్నారు. రెండు సైలెన్సర్ల నుంచి ఆ టుంగ్ టుంగ్ మోత, గొట్టం లోపల గంట కొట్టినట్టు. ఇన్నేళ్ల తర్వాత విన్నా, పండుగ రోజున మావయ్య మా వీధి మలుపు తిరిగే క్షణం గుర్తుకొచ్చి గొంతు పట్టేసింది. మా అబ్బాయి చూడకుండా పొగ వంక పెట్టుకుని కళ్లు తుడుచుకున్నాను.

ఆ తర్వాతే ఇబ్బంది కనిపించింది. ఇంజిన్ వేడెక్కాక ఆక్సిలరేటర్ పూర్తిగా వదిలేసినా మోత దిగదు. పైపెచ్చు నెమ్మదిగా పెరుగుతూ పోతుంది. తాళం తీసి ఆపాల్సి వచ్చింది.

జనవరి 25

రెండు వారాలు కార్బ్యురేటర్‌తోనే సరిపోయింది. జెట్టులు ఊది శుభ్రం చేశాను, కేబులు మార్చాను, స్లైడు ఇరుక్కుంటోందేమో చూశాను, ఫ్లోటు ఎత్తు సరిచేశాను, సూదిని ఒక గాడి పైకి లేపాను. ఇంజిన్‌కూ కార్బ్యురేటర్‌కూ మధ్య ప్యాకింగు మార్చాను. చల్లగా ఉన్నప్పుడు చక్కగా నిలబడుతుంది, వేడెక్కితే పరుగెడుతుంది.

పాయింట్లు చూద్దామని కుడి కవరు తీస్తే డైనమో గదిలో అడుగున పల్చగా ఆయిలు తడి ఉంది. బిగించేటప్పుడు కారిందనుకుని తుడిచేశాను.

జనవరి 26

మధ్యాహ్నం మావయ్యకు ఫోను చేసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫోనును సైలెన్సరు దగ్గర పెట్టాను. ఆయనకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు, చెవి మాత్రం చక్కగా పనిచేస్తోంది.

"ఎంతసేపటికి లేస్తోందిరా?"

"పది నిమిషాలకు, మావయ్యా."

"పొగ తెల్లగా వస్తోందా?"

"లేదు, మామూలుగానే ఉంది."

"అయితే ఎడమ సీలు మంచిదే. అది పోతే గేరు ఆయిలు లోపలికి లాగి తెల్లగా తగలేస్తుంది. ఇది కుడిది. గాలి పీలుస్తోంది. డైనమో దగ్గర వేలు పెట్టి చూడు, తడి ఉంటుంది."

నేను తుడిచేసిన తడి అదే. రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో పెట్రోలూ గాలీ ముందు క్రాంక్ గదిలోకి వచ్చి, అక్కడి నుంచి సిలిండరులోకి ఎక్కుతాయి. ఆ గదికి చిన్న చిల్లు ఉన్నా దొంగ గాలి దూరి, మిశ్రమంలో పెట్రోలు పలచబడుతుంది. ఇంజిన్ వేడెక్కి తనంతట తాను పరుగెడుతుంది. అలాగే చాలా దూరం నడిపితే కొత్త పిస్టన్ కూడా పాతదానిలా గీతలు పడుతుంది. డైనమో విప్పి సీలు తీశాను. షాఫ్టు మీది గాడి అంచు తగిలి సీలు పెదవి ఒకచోట తెగింది. కూర్చోబెట్టేటప్పుడు ఆయిలు రాయలేదు, గాడి మీద కాగితం చుట్టలేదు. ఈసారి రెండూ చేశాను. ఇంజిన్‌ను రెండు ముక్కలు చేయనవసరం లేకపోవడం అదృష్టం.

సాయంత్రం అరగంట నడిపాను. ఆక్సిలరేటర్ వదలగానే మోత మెట్లు దిగినట్టు దిగి, అడుగున నిలబడింది.

ఫిబ్రవరి 1

కాగితాల పని. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకొకసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. ఆ గడువు ఎప్పుడో దాటింది. ఆలస్య రుసుము కట్టి, మావయ్య చేత సంతకాలు చేయించి, బండిని చూపించి వచ్చాను. 50 ఏళ్లు నిండిన బండ్లకు 2021లో వింటేజ్ నిబంధనలు వచ్చాయి, వీఏ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. మా బండికి ఆ వయసు ఈ ఏడాదే. కానీ ఆ నంబరు తీసుకుంటే ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీగా నడపకూడదు. నాకు సంతకు వెళ్లే బండి కావాలి. పాత నంబరే ఉంచుకున్నాను.

ఫిబ్రవరి 8

పొద్దున్నే కాశీనగర్ బయలుదేరాను. మొదటి 500 కిలోమీటర్లు నలభై దాటకూడదని నియమం. ఆ వేగానికి దారిలో మామిడి పూత వాసన ప్రతి తోటకూ వేరుగా తెలిసింది. క్లచ్ పట్టకుండానే గేరు మార్చవచ్చు, లివరు కదిలితే లోపల క్లచ్ తనే వదులుతుంది. కానీ నేను ప్రతిసారీ పట్టాను. ఆక్సిలరేటర్ వదిలినా బండి ఇంజిన్ పట్టుతో అంతగా ఆగదు, అందుకే మలుపు చాలా ముందే కనిపెట్టి బ్రేకు అందుకోవాలి. 2022లో యెజ్డి పేరు మళ్లీ మార్కెట్లోకి వచ్చింది. నీటితో చల్లబడే నాలుగు స్ట్రోకుల ఇంజిన్, మంచి బ్రేకులు. మిత్రుడిది నడిపి చూశాను, చాలా బాగుంది. దాని మీద నేను కూర్చున్నాను. దీని మీద పని చేస్తున్నాను. నాకు ఈ పని ఇష్టం.

మావయ్య అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. వీధి చివర ఉండగానే లేచి నిలబడ్డాడట, అత్తయ్య చెప్పింది. దగ్గరికి వచ్చి ఏమీ అనలేదు. ముందు ట్యాంకు మీద చేయి పెట్టి, ఎడమ మచ్చ దాకా జరిపి ఆగాడు. తర్వాత క్యారియర్ నాలుగు మూలలూ తడిమాడు.

"ఖాళీగా వచ్చావా?"

"అవును."

"ఖాళీ క్యారియర్‌తో గతుకుల్లో వెనక చక్రం ఎగురుతుంది. బరువు కట్టుకు వెళ్లు."

పెరటి చెట్టు చింతపండు బస్తా తెప్పించాడు. తాడు తనే అందుకున్నాడు. కళ్లతో చూడకుండా, వేళ్లతో గాడి వెతుక్కుని, మొదటి మూల నుంచి నాలుగో మూలకు, మళ్లీ అడ్డంగా. ముడి నేను వేయబోతే చేయి పక్కకు తోశాడు.

తిరుగు దారిలో పాత పట్టాలు ఉన్న చోట వేసిన పెద్ద రైలు మార్గం పక్కన రోడ్డు గతుకులమయం. బండి వెనక చక్రం ఒక్కసారి కూడా ఎగరలేదు. ఇంటికి వచ్చి, చింతపండు దించక ముందే, కుడి కవరు విప్పి డైనమో గది అడుగున వేలితో రాసి చూశాను. పొడిగా ఉంది.